తెర వెనుక అక్కరలేని సర్వీసులు.. ఆపేదెలా?

* ఆటో స్టార్టర్ మోటారులా వాటంతటవే మొదలవుతున్న వైనం
* వేగం కన్నా భద్రతకే ఎక్కువ ప్రయోజనం
* అప్‌డేట్ సర్వీసును ఆపితే మాత్రం ముప్పే

కర్నూలు, కడప: ఇంటి కంప్యూటర్ మీట నొక్కి టీ తాగి వచ్చినా తెర సిద్ధం కాదు. ఎవరూ తాకకపోయినా లోపలి ఫ్యాను రొద ఆగదు. సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ ద్వారా నెట్ ఇస్తే ఆ రోజు డేటా మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. పాత కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదులివి. ప్రవేశ పరీక్షల దరఖాస్తు, కౌన్సెలింగ్‌లో కళాశాలల ఎంపిక, ఉపకార వేతనాల నమోదు.. అన్నీ గడువు తేదీలతో ముడిపడినవే. చివరి రోజున కంప్యూటర్ మొరాయిస్తే పల్లెలోని విద్యార్థి బస్సెక్కి ఆదోనికో, డోన్‌కో, ప్రొద్దుటూరుకో పరుగెత్తాల్సిందే.

ఈ అవస్థకు ఒక కారణం మన ప్రమేయం లేకుండా తెర వెనుక నడిచే 'సర్వీసులు'. వాటిలో కొన్ని ప్రాణాధారం, మరికొన్ని ఆ ఇంట్లో ఎవరికీ అక్కరలేనివి. ఏవి ఆపవచ్చు? వేటిని ముట్టుకోకూడదు? ఆపేముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ఈ విషయాలు తెలిస్తే ఖర్చు లేకుండా ఇంట్లోనే ఆ పని చేసుకోవచ్చు.

సర్వీసు అంటే..

మనం తెరిచి, పని ముగిశాక మూసేసేది ప్రోగ్రామ్. మనం తెరవకుండానే, కిటికీ కనిపించకుండానే నడిచేది సర్వీసు. శబ్దం వినిపించడం, వైఫై అందుకోవడం, ముద్రణ, గడియారం సరిచూడటం, వైరస్ నుంచి రక్షణ వంటి పనులకు వేర్వేరు సర్వీసులు ఉంటాయి. విండోస్ కంప్యూటర్‌లో ఇవి వందల్లోనే కనిపిస్తాయి. అయితే అన్నీ ఒకేసారి నడవవు.

మన ప్రాంత రైతులకు బోరు మోటారు ఉదాహరణతో ఇది తేలికగా అర్థమవుతుంది. ఆటో స్టార్టర్ బిగించిన మోటారు కరెంటు రాగానే తిరుగుతుంది. మడికి తడి కావాలా వద్దా అన్నది దానికి పట్టదు. ఆ లైనులోని మోటార్లన్నీ ఒక్కసారిగా మొదలైతే ట్రాన్స్‌ఫార్మర్‌పై భారం పడుతుంది. కంప్యూటర్‌లో 'ఆటోమేటిక్' అని రాసి ఉన్న సర్వీసుల తీరూ అంతే. మీట నొక్కగానే అన్నీ లేచి ప్రాసెసర్, ర్యామ్, హార్డ్‌డిస్కులను పంచుకుంటాయి. మొదటి కొన్ని నిమిషాలు కంప్యూటర్ నత్తనడక నడవడానికి ఇదీ ఒక కారణం.

సర్వీసు మొదలయ్యే తీరు నాలుగు రకాలు. 'ఆటోమేటిక్' అంటే వెంటనే మొదలయ్యేది. 'ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్' అంటే కొద్దిసేపు ఆగి మొదలయ్యేది. 'మాన్యువల్' అంటే ఎవరైనా పిలిచినప్పుడే లేచేది. 'డిజేబుల్డ్' అంటే ఫ్యూజు పీకేసిన మోటారుతో సమానం, పిలిచినా లేవదు. మాన్యువల్‌లో ఉండి నడవని సర్వీసు ర్యామ్‌ను తినదు. దాన్ని ఆపడం వల్ల వేగం పెరగదు. చూడాల్సింది ఆటోమేటిక్ వరుసనే.

గతం నేర్పిన పాఠాలు

సర్వీసుల సంగతి కేవలం వేగానికి పరిమితమైతే ఇంతగా పట్టించుకోనక్కర్లేదు. నడుస్తున్న ప్రతి సర్వీసూ ఇంటికి ఒక తలుపు వంటిది. వాడని తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో రెండు దశాబ్దాల అనుభవం చెబుతోంది.

విండోస్ ఎక్స్‌పీ కాలంలో 'మెసెంజర్' అనే సర్వీసు ఉండేది. కార్యాలయాల్లో ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు హెచ్చరికలు పంపడానికి దాన్ని ఉద్దేశించారు. ఇంట్లో దానితో పనిలేకపోయినా నడుస్తూ ఉండేది. ప్రకటనల వాళ్లు ఆ దారి కనిపెట్టి నెట్‌కు కలిసిన కంప్యూటర్ల తెరపై పెట్టెల్లా ప్రకటనలు కురిపించారు. చివరకు 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ సంస్థే దాన్ని ఆపివేసింది. అక్కరలేని సర్వీసును ఆపడమే అక్కడ పరిష్కారమైంది.

అంతకు ఏడాది ముందు, 2003 ఆగస్టులో, 'బ్లాస్టర్' వైరస్ ప్రపంచాన్ని కుదిపింది. తెరపై 60 సెకన్ల లెక్క కనిపించడం, కంప్యూటర్ దానంతటదే ఆగి మళ్లీ మొదలు కావడం నాటి వినియోగదారులకు గుర్తుండే ఉంటుంది. అది చొరబడిన దారి 'రిమోట్ ప్రొసీజర్ కాల్' అనే సర్వీసు. దాన్ని ఆపితే విండోస్ నడవదు. కనుక అక్కడ మార్గం ఒక్కటే, మరమ్మతు అప్‌డేట్ వేసుకోవడం. ఆ అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ జులైలోనే విడుదల చేసింది. వేసుకోనివారే నష్టపోయారు.

మూడోది మన రాష్ట్రానికే తగిలింది. 2017 మే 12న మొదలైన 'వన్నాక్రై' దాడి 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఫైళ్లకు తాళం వేసి, విడిపించాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని తెరపై బెదిరింపు కనిపించేది. రాయలసీమలోని చిత్తూరు జిల్లాతో పాటు కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో రాష్ట్ర పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు సైతం దీని బారిన పడ్డాయి. ఫైళ్లను ఇతర కంప్యూటర్లతో పంచుకునేందుకు ఎప్పుడో రూపొందించిన 'ఎస్‌ఎంబీ 1' అనే పాత పద్ధతిలోని లోపమే దాని దారి. దీనికీ మరమ్మతు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలైంది. పాత పద్ధతిని ఆపినా, అప్‌డేట్ వేసినా ఆ తలుపు మూసుకునేదే.

2021లో ముద్రణ సర్వీసు 'ప్రింట్ స్పూలర్' వంతు వచ్చింది. 'ప్రింట్‌నైట్‌మేర్' పేరుతో బయటపడిన లోపం వల్ల ప్రింటర్ లేని కంప్యూటర్‌కూ ముప్పు ఏర్పడింది. ప్రింటర్ ఉన్నా లేకున్నా ఆ సర్వీసు నడుస్తుండటమే ఇందుకు కారణం. ముద్రణ అవసరం లేని యంత్రాల్లో దాన్ని ఆపేయాలని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 'సీసా' అప్పట్లో సూచించింది.

ఈ నాలుగు ఉదంతాల సారం ఒక్కటే. అక్కరలేనిదాన్ని ఆపాలి. తప్పనిసరైనదాన్ని అప్‌డేట్‌తో కాపాడుకోవాలి. అన్నిటినీ ఆపేయడం ఎంత పొరపాటో, అన్నిటినీ అలాగే వదిలేయడం అంతే పొరపాటు.

ముందు జాగ్రత్తలు

* మొదట 'రీస్టోర్ పాయింట్' ఏర్పాటు చేసుకోవాలి. స్టార్ట్ మెనూలో ఆంగ్లంలో 'క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్' అని టైపు చేస్తే ఆ కిటికీ తెరుచుకుంటుంది. అనేక కంప్యూటర్లలో ఈ రక్షణ ముందుగా ఆపివేసి ఉంటుంది. 'కాన్ఫిగర్' నొక్కి దాన్ని ఆన్ చేసి, తర్వాత 'క్రియేట్' నొక్కాలి.

* ఒక నోటు పుస్తకంలో తేదీ, సర్వీసు పేరు, పాత స్థితి, మార్చిన స్థితి రాసుకోవాలి. తేడా వస్తే తిరిగి సరిచేయడానికి ఈ ఒక్క పేజీయే ఆధారం.

* ఒక రోజు ఒకటి రెండు సర్వీసులకు మించి మార్చవద్దు. పది ఒకేసారి ఆపితే ఏది ఇబ్బంది పెట్టిందో తెలుసుకోవడం కష్టం.

* కుటుంబంలో అందరినీ అడగాలి. తండ్రికి పనికిరాని బ్లూటూత్, కుమార్తె ఇయర్‌ఫోన్‌కు తప్పనిసరి కావచ్చు.

ఎలా చూడాలి?

తెర కింది పట్టీపై రైట్‌క్లిక్ చేసి 'టాస్క్ మేనేజర్' తెరవాలి. అందులో 'సర్వీసెస్' భాగంలోకి వెళ్లి 'ఓపెన్ సర్వీసెస్' నొక్కితే పూర్తి జాబితా వస్తుంది. ఒక్కో సర్వీసుకు పేరు, దాని పని, ప్రస్తుతం నడుస్తోందా లేదా, మొదలయ్యే తీరు వరుసగా కనిపిస్తాయి. పేరుపై రెండుసార్లు క్లిక్ చేస్తే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'డిపెండెన్సీస్' అన్న భాగాన్ని ముందుగా చదవాలి. ఈ సర్వీసుపై ఆధారపడినవి ఏవో అక్కడ ఉంటాయి. ఆ జాబితా పొడవుగా ఉంటే దాన్ని వదిలేయడం మేలు.

ఆపాలని నిర్ణయించుకుంటే 'స్టార్టప్ టైప్' వద్ద మొదట 'మాన్యువల్' ఎంచుకుని, 'స్టాప్' నొక్కి, 'అప్లై' చేయాలి. వారం రోజులు చూసి ఇబ్బంది లేకపోతే అప్పుడు 'డిజేబుల్డ్' చేయవచ్చు. ఫ్యూజు పీకే ముందు స్టార్టర్ ఆపి చూడటం వంటిదే ఇది.

టాస్క్ మేనేజర్‌లో 'సర్వీస్ హోస్ట్' అనే పేరు పదుల సంఖ్యలో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది వైరస్ కాదు. గతంలో అనేక సర్వీసులను ఒకే గంపలో ఉంచి నడిపేవారు. 2017లో వచ్చిన విండోస్ 10 రూపం నుంచి, మూడున్నర జీబీ కన్నా ఎక్కువ ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో వాటిలో చాలావాటిని విడివిడిగా నడుపుతున్నారు. అందుకే ఆ వరుసలు పెరిగాయి.

అవసరాన్ని బట్టి ఆపదగినవి

ఫ్యాక్స్: ఇంట్లో ఫ్యాక్స్ యంత్రం లేకపోతే దీనితో పనిలేదు.

ప్రింట్ స్పూలర్: ప్రింటర్ లేని ఇంట్లో ఆపవచ్చు. అయితే 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్' ద్వారా హాల్‌టికెట్లు, రశీదులు దాచుకునే అలవాటుంటే జాగ్రత్త. అది కూడా ఈ సర్వీసు మీదే ఆధారపడుతుంది.

రిమోట్ రిజిస్ట్రీ: మరో కంప్యూటర్ నుంచి మన యంత్రం అమరికలు మార్చడానికి ఉద్దేశించినది. ఇంట్లో అక్కర్లేదు. విండోస్ 10, 11లలో ఇది మామూలుగానే ఆపి ఉంటుంది. ఎవరైనా ఆన్ చేశారేమో ఒకసారి సరిచూసుకోవాలి.

ఎక్స్‌బాక్స్ పేరుతో మొదలయ్యేవి: పిల్లలు ఆ ఆటలు ఆడకపోతే అక్కర్లేదు.

డౌన్‌లోడెడ్ మ్యాప్స్ మేనేజర్: ముందే దించుకున్న పటాల కోసం. ఆ పటాలు వాడనివారు ఆపవచ్చు.

కనెక్టెడ్ యూజర్ ఎక్స్‌పీరియన్సెస్ అండ్ టెలిమెట్రీ: కంప్యూటర్ పనితీరు సమాచారాన్ని మైక్రోసాఫ్ట్‌కు పంపేది. ఆపినా రోజువారీ పనులకు ఆటంకం ఉండదు.

సిస్‌మెయిన్: తరచూ వాడే ప్రోగ్రామ్‌లను ముందే ర్యామ్‌లోకి తెచ్చి ఉంచుతుంది. దీని పాత పేరు సూపర్‌ఫెచ్. ఉద్దేశం మంచిదే అయినా పాత హార్డ్‌డిస్కులపై కొన్నిసార్లు భారమవుతుంది. టాస్క్ మేనేజర్‌లో 'డిస్క్' వద్ద చాలాసేపు 100 శాతం కనిపిస్తుంటే దీన్ని కొద్దిసేపు ఆపి చూడాలి. తేడా లేకపోతే తిరిగి నడిపించాలి.

విండోస్ సెర్చ్: ఫైళ్ల పేర్లు, వాటిలోని పదాలను ముందే జాబితా వేసి ఉంచుతుంది. ఆపితే డిస్కుకు విశ్రాంతి లభిస్తుంది. వెతుకులాట మాత్రం నెమ్మదిస్తుంది. ఫైళ్లు ఎక్కువగా వెతికేవారు ఆపకపోవడమే మంచిది.

వీటిని ముట్టుకోవద్దు

రిమోట్ ప్రొసీజర్ కాల్, డీకామ్ సర్వర్ ప్రాసెస్ లాంచర్, ప్లగ్ అండ్ ప్లే, విండోస్ ఈవెంట్ లాగ్, యూజర్ ప్రొఫైల్ సర్వీస్, క్రిప్టోగ్రాఫిక్ సర్వీసెస్.. ఇవి విండోస్‌కు వెన్నెముక వంటివి. డీహెచ్‌సీపీ క్లయింట్, డీఎన్‌ఎస్ క్లయింట్, డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ లేకపోతే నెట్‌కు ఆటంకం కలగవచ్చు. విండోస్ ఆడియో ఆపితే శబ్దం పోతుంది. డిఫెండర్ యాంటీవైరస్, ఫైర్‌వాల్ ఇంటికి కాపలాదారులు. 'రిమోట్ రిజిస్ట్రీ', 'రిమోట్ ప్రొసీజర్ కాల్' పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు మరోదానిపై చేయి వేయరాదు.

తెలుగులో టైపు చేసేవారు 'టచ్ కీబోర్డ్' పేరున్న సర్వీసును కదిలించకపోవడం మంచిది. తాకే తెర లేదు కదా అని దాన్ని ఆపితే కొన్ని చోట్ల అక్షరాలే పడకపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది విండోస్ అప్‌డేట్. వేగం కోసమనో, డేటా మిగులుతుందనో దాన్ని శాశ్వతంగా ఆపేయడం కొందరికి అలవాటు. నకిలీ విండోస్ వేసిన కంప్యూటర్లలోనూ అప్‌డేట్ సర్వీసును ముందే ఆపి ఇస్తుంటారు. బ్లాస్టర్, వన్నాక్రై రెండింటికీ మందు ముందే వచ్చిందని, వేసుకోనివారే చిక్కుకున్నారని మరవరాదు. జాబితాలో విండోస్ అప్‌డేట్ ఎదురుగా 'డిజేబుల్డ్' అని కనిపిస్తే ఎవరు, ఎందుకు ఆపారో కంప్యూటర్ బాగుచేసినవారిని అడిగి తెలుసుకోవాలి.

డేటా ఆదాకు వేరే దారి

ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ వాడే పల్లెవాసులు అప్‌డేట్‌ను ఆపనక్కర్లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ భాగంలోకి వెళ్లి, ఆ వైఫై పేరు వద్ద 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేస్తే చాలు. ఆ కనెక్షన్‌పై పెద్ద డౌన్‌లోడ్‌లను విండోస్ చాలావరకు వాయిదా వేస్తుంది. అపరిమిత నెట్ ఉన్న బంధువుల ఇంటికో, కళాశాల వసతి గృహానికో వెళ్లినప్పుడు వాటిని పూర్తి చేసుకోవచ్చు. నెలల తరబడి మాత్రం వాయిదా వేయకూడదు.

'డెలివరీ ఆప్టిమైజేషన్' అనేది మరొకటి. మన కంప్యూటర్ దించుకున్న అప్‌డేట్ ముక్కలను ఇతర కంప్యూటర్లకు అందించే ఏర్పాటు ఇది. విండోస్ 11లో అప్‌డేట్ సెట్టింగ్స్‌లోని 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో ఇది కనిపిస్తుంది. అందులో 'ఇతర కంప్యూటర్ల నుంచి డౌన్‌లోడ్‌కు అనుమతి' అనే మీటను ఆపేస్తే మన డేటాతో ఇతరులకు పంపకం జరగదు.

అపరిచిత పేర్లు కనిపిస్తే..

విండోస్‌వి కాకుండా బయటి సంస్థల సర్వీసులను విడిగా చూసే వీలుంది. స్టార్ట్‌లో 'సిస్టమ్ కాన్ఫిగరేషన్' తెరిచి, 'సర్వీసెస్' భాగంలో 'హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్' గడిలో టిక్ పెడితే మిగిలినవన్నీ బయటివే. కొత్తవారు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం సురక్షితం. ఎప్పుడో తీసేసిన ప్రింటర్ సహాయకులు, వాడని ప్రోగ్రామ్‌ల తోకలు ఇక్కడే బయటపడతాయి. 'డిజేబుల్ ఆల్' మాత్రం నొక్కరాదు. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్ వంటివి కూడా ఆగిపోతాయి. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేసే సర్వీసునూ ఉంచాలి.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి పేర్లు కనిపిస్తే ఆగి ఆలోచించాలి. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించేందుకు ఉపయోగపడే ఈ ప్రోగ్రామ్‌లు సక్రమమైనవే. మోసగాళ్లు వాటినే ఆయుధంగా మలచుకుంటున్నారు. బ్యాంకు నుంచో, కంప్యూటర్ కంపెనీ నుంచో మాట్లాడుతున్నామని ఫోన్ చేసి, వీటిని వేయించి, ఖాతా ఖాళీ చేస్తున్నారు. ఒకసారి పూర్తిగా ఇన్‌స్టాల్ అయితే సర్వీసు రూపంలో ప్రతిసారీ మొదలయ్యే అవకాశం ఉంది. ఇంట్లో ఎవరూ కావాలని వేసుకోకపోతే కేవలం ఆపడం చాలదు, పూర్తిగా తొలగించాలి. డబ్బు పోయినట్లు గమనిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ముందుగా ఫిర్యాదు అందితే సొమ్మును నిలిపివేయించే అవకాశం మెరుగ్గా ఉంటుంది.

వేగం ఎంత పెరుగుతుంది?

సర్వీసులు ఆపితే 4 జీబీ ర్యామ్ 8 జీబీ అయిపోదు. ఖాళీగా ఉన్న సర్వీసు తినేది కొద్దిగానే. జాప్యానికి అసలు కారకులు తరచూ వేరే ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లోని 'స్టార్టప్' భాగంలో 'హై' అని ఉన్న ప్రోగ్రామ్‌లను ఆపితే తేడా వెంటనే తెలుస్తుంది. రెండు యాంటీవైరస్‌లు ఒకేచోట ఉంటే ఒకటి తీసేయాలి. పాత హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చుకుంటే వచ్చే వేగం, సర్వీసులు ఎన్ని ఆపినా రాదు. మన జిల్లాల ఎండలకు ప్రాసెసర్ వేడెక్కితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వేసవికి ముందు లోపలి దుమ్ము తుడిపించడం కూడా వేగానికి మందే. వేగం పెంచుతామని చెప్పే ఉచిత 'బూస్టర్', 'క్లీనర్' ప్రోగ్రామ్‌ల జోలికి వెళ్లవద్దు. అవే మరో రెండు సర్వీసులను తెచ్చిపెడతాయి.

విండోస్ 10 వాడుతున్నవారు మరో సంగతి గమనించాలి. దానికి సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. ఇంటి వినియోగదారులు నమోదు చేసుకుంటే మరో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ అప్పట్లో ప్రకటించింది. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కుతో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. అది లేని పాత యంత్రాల్లో అక్కరలేని తలుపులు మూసుకోవడం మరింత అవసరం. అలాంటి కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయకపోవడం ఉత్తమం.

తేడా వస్తే..

సర్వీసు ఆపాక ఏదైనా పనిచేయకపోతే భయపడనక్కర్లేదు. నోటు పుస్తకం చూసి పాత స్థితికి మార్చి, కంప్యూటర్‌ను తిరిగి మొదలుపెట్టాలి. తెర సరిగా రాకపోతే, లాగిన్ తెరపై పవర్ గుర్తు వద్ద షిఫ్ట్ కీ నొక్కి పట్టి 'రీస్టార్ట్' నొక్కాలి. అక్కడ 'ట్రబుల్‌షూట్', 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' ద్వారా 'స్టార్టప్ సెట్టింగ్స్'కు వెళ్లి, తిరిగి మొదలయ్యాక 4 అంకె నొక్కితే సేఫ్ మోడ్ వస్తుంది. అందులో సరిచేసుకోవచ్చు. అదీ కుదరకపోతే ముందుగా ఏర్పాటు చేసుకున్న రీస్టోర్ పాయింట్ ఆదుకుంటుంది.

దరఖాస్తుల గడువు దగ్గర పడినప్పుడు ఈ ప్రయోగాలు వద్దు. సెలవుల్లో, తీరిక ఉన్నప్పుడు పుస్తకం పక్కన పెట్టుకుని మొదలుపెట్టాలి. ప్రతి పేరు వద్దా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే, 'ఇది మా ఇంట్లో ఎవరికి పనికొస్తోంది?' జవాబు తెలిస్తే ఉంచడమో, ఆపడమో తేలుతుంది. తెలియకపోతే తెలుసుకునే వరకు ముట్టుకోకపోవడమే మేలు.